టవరు, బురుజు, బూర్జువా

సెల్ టవరుని తెలుగులో ఏమనాలి? తెలుగు టెక్కీలు నలుగురు చేరిన చోట ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వచ్చి తీరుతుంది. ఒకాయన గోపురం అంటాడు (గోపురం అంటే సంస్కృతంలో ఊరి గేటు, సిగ్నల్ రాదు). ఇంకొకాయన స్తంభం అంటాడు. మూడో ఆయన కొంచెం గంభీరంగా "ఇంగ్లీషువాడికి లాటిన్ ఉంది, మనకి సంస్కృతం ఉంది, వాడు అమ్మ దగ్గర తెచ్చుకున్నట్టే మనమూ తెచ్చుకోవాలి" అని తేల్చేస్తాడు. ఈ మూడో ఆయన మాటే ఎక్కువగా నెగ్గుతుంది. నా గొడవంతా ఆయనతోనే.

ఎందుకంటే లాటిన్ అనేది సొంత సరుకుతో నిండిన గోడౌను అన్న ఊహలోనే తిరకాసుంది. ఎత్తయిన కట్టడాలకి లాటిన్లో ఉన్న పేర్లు ఒక్కసారి తిరగేస్తే చాలు, సగానికి సగం బయటివే.

ముందు టవరే చూడండి. లాటిన్లో తుర్రిస్. ఫ్రెంచి తూర్, ఇటాలియన్ తొర్రె, ఇంగ్లీషు టవర్ అన్నీ దాని పిల్లలే. కానీ తుర్రిస్ లాటిన్ సొంతం కాదు, గ్రీకు తిర్సిస్ నించి వచ్చింది. గ్రీకులకైనా సొంతమా అంటే అదీ కాదు, వాళ్ళకంటే ముందు మధ్యధరా ఒడ్డున ఉన్న ఏదో భాషలోదై ఉంటుందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఇటలీలో రోమన్లకి ముందు వెలిగిన ఎట్రుస్కన్లని గ్రీకులు తిర్సెనోయి అనేవాళ్ళు. టవర్లలో కాపురం ఉండేవాళ్ళు కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరు చెప్పేవారని డయొనీసియస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాసిపెట్టాడు. అది నిజమో కట్టుకథో గానీ, ఇటలీ పడమటి సముద్రాన్ని ఇప్పటికీ తిర్హేనియన్ సముద్రం అనే అంటున్నారు.

రోమన్ల నోట తుర్రిస్ అంటే ఊరి గోడ మీద కావలి కట్టడం ఒక్కటే కాదు. చక్రాల మీద నడిచే చెక్క యుద్ధయంత్రం కూడా తుర్రిస్సే. సీజర్ తన గాల్ యుద్ధాల పుస్తకంలో క్రీ.పూ. 57 నాటి ఒక ముట్టడి గురించి రాశాడు. ఇప్పటి బెల్జియం ప్రాంతంలో అదువాతుకీలు అనే తెగ కోటలో తలుపులేసుకుని కూచుంది. రోమన్లు దూరంగా ఒక టవరు కట్టడం మొదలెట్టారు. గోడ మీంచి చూస్తున్నవాళ్ళు పగలబడి నవ్వారట. ఇంత పొట్టి మనుషులు అంత పెద్ద యంత్రాన్ని అంత దూరంలో కట్టి ఏం చేసుకుంటారని. (గాల్ జనం పొడుగరులు, రోమన్ల ఎత్తు వాళ్ళకి ఎప్పుడూ నవ్వులాటే.) తీరా ఆ టవరు కదిలి గోడ వైపు రావడం మొదలయ్యేసరికి నవ్వు ఆగిపోయింది. ఇది దేవుళ్ళ సాయం లేకుండా జరిగే పని కాదనుకుని రాయబారం పంపి లొంగిపోయారు. ఆయుధాలు కందకంలో పడేశారు, కానీ మూడో వంతు దాచుకున్నారు. ఆ రాత్రే తిరగబడ్డారు. 4,000 మంది చచ్చారు. మర్నాడు సీజర్ ఊరు ఊరంతటినీ వేలానికి పెట్టాడు. కొన్నవాళ్ళు చెప్పిన లెక్క ప్రకారం 53,000 తలలు. ఈ అంకెని సీజర్ బిల్లు మీద టోటల్ రాసినంత మామూలుగా రాసి తర్వాత సంగతిలోకి వెళ్ళిపోతాడు. టవర్ అన్న మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చేది ఈ కదిలిన టవరే.

మిగతా అరువు మాటలు ఇంత భయంకరమైనవి కావు, కొన్నయితే తమాషాగా కూడా ఉంటాయి. ఈజిప్టు రాతిస్తంభాన్ని గ్రీకులు ఒబెలిస్కోస్ అన్నారు, అంటే చిన్న చువ్వ, మాంసం గుచ్చి కాల్చుకునే కబాబు చువ్వ లాంటిది. దేవుడి పేర రాజు నిలబెట్టిన ఏకశిలకి వంటింటి పేరు! రోమన్లు ఆ రాళ్ళతో పాటు పేరుని కూడా ఓడల్లో ఎక్కించుకుపోయారు. ఒక ఒబెలిస్క్‌ని మోయడానికి కలిగులా కట్టించిన పెద్ద ఓడని తర్వాత క్లాడియస్ ఓస్తియా రేవులో ముంచేసి, దాని మీద లైట్‌హౌస్‌కి పునాది వేయించాడు. అదే చువ్వ మాటలోంచి ఒబెలుస్ వచ్చింది. పాత ప్రతుల్లో అనుమానం ఉన్న పంక్తుల పక్కన పెట్టే గుర్తు అది. ఇప్పటి పుస్తకాల్లో ఫుట్‌నోట్‌కి పెట్టే కత్తి గుర్తూ, కాలిక్యులేటర్ మీద భాగహారం గుర్తూ ఆ పేరుతోనే చలామణీ అవుతున్నాయి. పిరమిడ్ కథా ఇలాంటిదే. అది గ్రీకుల గోధుమ అప్పం పేరే అని ఒక వాదం ఉంది.

లైట్‌హౌస్‌కి లాటిన్ మాట ఫారుస్. అలెగ్జాండ్రియా ముందున్న చిన్న ద్వీపం పేరు అది. క్రీ.పూ. మూడో శతాబ్దంలో టాలమీలు అక్కడ కట్టించిన దీపస్తంభం ఎంత ప్రసిద్ధికెక్కిందంటే, ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టు ప్రతి దీపస్తంభమూ ఫారుస్ అయిపోయింది. ఫ్రెంచిలో లైట్‌హౌస్ ఇప్పటికీ ఫార్, స్పానిష్‌లో ఫారో. అరబ్బులు ఆ పేరు పట్టించుకోకుండా మనారా అన్నారు, అంటే వెలుగుండే చోటు. మన మినారు అదే. 1591 నాటి చార్మినార్‌ని మూలధాతువు దాకా తవ్వితే నాలుగు దీపస్తంభాలు తేలతాయన్నమాట.

లాటిన్‌కి సొంత మాటలు అసలు లేవని కాదు. కావలి టవరుని స్పెకులా అనేవాళ్ళు, చూడటం అనే ధాతువు నించి. స్పెక్టకిల్, ఇన్‌స్పెక్టర్ దాని సంతానమే. షేర్ మార్కెట్లో స్పెక్యులేషన్ కూడా. టవరెక్కి దూరంగా ఏదో కనబడుతోందని చెప్పడం, అంతే తేడా. దీనికి సంస్కృతంలో చుట్టం స్పశ్ ధాతువు. స్పశుడు అంటే గూఢచారి, స్పష్టం అంటే కంటికి కనబడింది. మేనేజర్ "రిక్వైర్‌మెంట్స్ స్పష్టంగా ఉన్నాయి కదా" అన్నప్పుడల్లా ఒక రోమన్ కాపలావాడి మాట వాడుతున్నాడని ఆయనకి తెలీదు.

స్తంభానికి మాట కొలుమ్నా. పైకి లేవడం అనే అర్థమున్న ధాతువు. ఇంగ్లీషు హిల్, లాటిన్ ఎక్సెల్లెరె (మిగతావాటి కంటే పైకి లేవడం) ఆ కుటుంబానివే. అంటే ఎక్సెల్, కాలమ్ రెండూ అక్కచెల్లెళ్ళు. 1985లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఆ పేరు పెట్టినప్పుడు ఈ చుట్టరికం ఎవరికైనా తట్టిందనుకోను గానీ, ఒక్కో షీటులో 16,384 కాలమ్‌లున్న సరుక్కి ఇంతకంటే సరైన పేరు దొరకదు. రోములో అన్నిటికంటే పేరున్న కొలుమ్నా క్రీ.శ. 113లో ట్రాజన్ చక్రవర్తి నిలబెట్టింది. కట్టడాలకి చోటు చేయడానికి ఎంత ఎత్తు గుట్టని తవ్విపోశారో ఈ స్తంభం అంత ఎత్తుంది అని అడుగున చెక్కించాడు. ఆ చెక్కిన అక్షరాలు చూసే 1989లో కరొల్ ట్వాంబ్లీ అడోబీకి ట్రాజన్ అనే ఫాంటు గీసింది. హాలీవుడ్ సినిమా పోస్టర్ల మీద మీరు వందసార్లు చూసుంటారు.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన మాట ఇన్సులా. లాటిన్లో ఇన్సులా అంటే ద్వీపం. అదే మాటకి ఇంకో అర్థం అపార్ట్‌మెంట్. నాలుగు వైపులా దారి ఉండి, పక్కింటితో ఉమ్మడి గోడ లేని కట్టడం కాబట్టి ద్వీపం అన్నారు. (మన గేటెడ్ కమ్యూనిటీ వాళ్ళకి బ్రోచర్‌లో వాడుకోడానికి పనికొస్తుంది.) నాలుగో శతాబ్దపు రోము నగర జాబితాల్లో 46 వేల పైచిలుకు ఇన్సులాలు, 1,800 లోపు డోముస్‌లు అంటే సొంత ఇళ్ళు కనబడతాయి. ఇన్సులా అని లెక్కపెట్టింది మొత్తం బిల్డింగునా లేక అందులో ఒక వాటానా అని చరిత్రకారులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. ఏదైనా, రోములో జనాభాలో ఎక్కువమంది అద్దె కొంపల్లోనే బతికారన్నది ఖాయం.

ఆ కొంపలు కూలేవి, కాలేవి. జువెనల్ అనే కవి రోములో బతకడం ఎందుకు వల్లకాదో చెప్తూ ఈ రెండు భయాలనే ముందుకి తెస్తాడు. తడికె, మట్టి కలిపి కట్టే గోడల్ని అసలు కనిపెట్టకుండా ఉంటే బాగుండేదని వాస్తుశాస్త్రం రాసిన విత్రూవియస్ అంతటివాడే విసుక్కున్నాడు, కాగడాల్లా అంటుకుంటాయని. మంటలు లేచిన చోటికి క్రాసుస్ అనే కోటీశ్వరుడు వెళ్ళి, కాలుతున్న ఇంటినీ పక్క ఇళ్ళనీ కారుచవగ్గా కొనేవాడని ప్లుటార్క్ రాశాడు. కట్టుబడి తెలిసిన బానిసలు 500 మందికి పైగా అతని చేతికింద ఉండేవారు, కొన్న వెంటనే మళ్ళీ కట్టడానికి. ఇంకో ఆసామి సిసిరో. ధర్మం గురించి, న్యాయం గురించి రాసిన పెద్దమనిషే. క్రీ.పూ. 44లో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో తన దుకాణాలు రెండు కూలిపోయాయనీ, మిగతావి బీటలు తీశాయనీ, అద్దెకున్నవాళ్ళే కాదు ఎలుకలు కూడా ఖాళీ చేశాయనీ జోకేశాడు. ఈ నష్టాన్ని లాభంగా మార్చే ప్లాను కూడా సిద్ధంగా ఉందన్నాడు. అందులో అద్దెకున్నవాళ్ళు ఎక్కడికి పోయారో మాత్రం రాయలేదు. నేను సిసిరోని చదివినప్పుడల్లా ఈ ఎలుకలు అడ్డం పడతాయి.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూచోలేదు లెండి. అగస్టస్ 70 అడుగులకి మించి కట్టొద్దన్నాడు (రోమన్ అడుగు మనదాని కంటే కాస్త చిన్నది, లెక్కేస్తే సుమారు 20.7 మీటర్లు). క్రీ.శ. 64లో ఊరు తగలబడ్డాక నీరో కొత్త రూల్స్ తెచ్చాడు. ఎత్తు మీద హద్దు, వీధుల వెడల్పు, ఉమ్మడి గోడల నిషేధం. మళ్ళీ ట్రాజన్ 60 అడుగులన్నాడు. ఒకే రూలుని వందేళ్ళలో మూడుసార్లు తేవాల్సి వచ్చిందంటే ఎవడూ వినలేదనే కదా. 2007లో బీపీఎస్, 2015లో బీఆర్ఎస్ (పార్టీ కాదు, బిల్డింగుల క్రమబద్ధీకరణ స్కీము) చూసిన హైదరాబాదీకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన తేడా ఉంది. లిఫ్టు లేదు, పైకి నీళ్ళు రావు. అందుకని కింద దుకాణాలు, మొదటి అంతస్తులో కాస్త డబ్బున్నవాళ్ళు, పైకెళ్ళేకొద్దీ బీదాబిక్కీ. తెలుగులో అంతస్తు అంటే మేడలో ఒక వరసా, సంఘంలో హోదా కూడా. రోములో అంతస్తు పెరిగేకొద్దీ అంతస్తు తగ్గేది. దీన్ని తలకిందులు చేసింది 1850లలో ఓటిస్ లిఫ్టు. పెంట్‌హౌస్ అనే మాట చూడండి. అందులో హౌస్ ఏమీ లేదు. లాటిన్ అపెండీకియుం, అంటే ఇంటికి తగిలించిన వసారా. మనం స్ట్రింగ్‌కి స్ట్రింగ్ అపెండ్ చేస్తామే, ఆ అపెండే. అది ఫ్రెంచిలో అపాంతీ అయి, ఇంగ్లీషువాడి చెవికి హౌస్‌లా వినిపించి, చివరికి కోట్ల ఖరీదు చేసే పై అంతస్తయి కూచుంది. అమీర్‌పేట్, ఎస్సార్ నగర్ గేట్ల మీద "పెంట్‌హౌస్ టు లెట్, బ్యాచిలర్స్ ఓన్లీ" అని బోర్డు చూసి నవ్వుకున్నవాళ్ళు చాలామంది ఉండుంటారు. టెర్రస్ మీద ఒక గది, రేకుల షెడ్డు, మే నెలలో నరకం. లాటిన్ అర్థానికి దగ్గరగా ఉన్నది మాత్రం ఆ బోర్డే.

మన మూడో పెద్దమనిషి దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆయనకి నేను చూపించాలనుకునే మాట బుర్గుస్. నాలుగో శతాబ్దం చివర్లో వెజేషియస్ అనే యుద్ధశాస్త్ర రచయిత చిన్న కోటని బుర్గుస్ అంటారని చెప్తాడు. అంతకు ముందే, క్రీ.శ. 185 ప్రాంతంలో, కొమొదుస్ చక్రవర్తి డాన్యూబ్ నది ఒడ్డున దొంగల చొరబాటు ఆపడానికి వరసగా బుర్గులు కట్టించినట్టు ఇప్పటి హంగరీలో దొరికిన శాసనాలు చెప్తున్నాయి. ఈ మాట గ్రీకు పిర్గోస్ (టవరు) నించి వచ్చిందా, జర్మన్ల బుర్గ్ నించి వచ్చిందా అన్నది పాత తగాదా. రెండూ కలిసిపోయాయన్న వాదం నాకు సబబుగా తోస్తుంది. జర్మన్ మాటకి మూలార్థం ఎత్తు, సంస్కృతంలో బృహత్ దాని బంధువే. హాంబర్గ్ ఊరి పేరులో ఉన్నది ఈ బుర్గే, అక్కణ్ణించి హాంబర్గరు, దాని తోక తెగ్గా మిగిలిన బర్గరు. కోట నీడలో పెరిగిన ఊరు ఫ్రెంచిలో బూర్గ్, అందులో ఉండే వ్యాపారస్తుడు బూర్జువా. మన విప్లవ సాహిత్యంలో తిట్టు దాకా వచ్చింది.

అటు తూర్పుకెళ్ళిన పిర్గోస్ సిరియా భాషల మీదుగా అరబ్బీలో బుర్జ్ అయింది. 2010లో దుబాయ్‌లో తెరిచిన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా అదే. పర్షియన్, ఉర్దూల చెయ్యి పట్టుకుని మన దగ్గరికొచ్చి బురుజు అయింది. గోల్కొండలో ఫతే రహబర్ ఫిరంగి ఉన్న పెట్ల బురుజు సరేసరి, తెలంగాణ పల్లెల్లో ఊరి మధ్య ఒంటరిగా నిలబడ్డ రాతి బురుజులు ఎన్ని లేవు! గడీల మీద పాట కట్టినవాళ్ళు బురుజునీ, బూర్జువానీ ఒకే నోటితో తిట్టారు, ఆ రెండూ దాయాదులని తెలియకుండానే.

పిర్గోస్‌ని లాటిన్ ఇంకోసారి కూడా అరువు తెచ్చుకుంది, ఈసారి జూదం కోసం. పాచికలు వేసేవాడు చేత్తో మోసం చెయ్యకుండా పైనించి వేస్తే లోపల మెట్ల మీద దొర్లుకుంటూ కింద పడే చిన్న టవరు బొమ్మ, దాని పేరు పిర్గుస్. రాండమ్ నంబర్ జనరేటర్ అన్నమాట. నాలుగో శతాబ్దపు రాగి పిర్గుస్ ఒకటి 1985లో జర్మనీలో దొరికింది, ఇప్పుడు బాన్ మ్యూజియంలో ఉంది. పిక్టులు ఓడిపోయారు, శత్రువు నాశనమయ్యాడు, నిశ్చింతగా ఆడుకోండి అని దాని మీద రాసుంది. రైన్ నది సరిహద్దు ఆ తర్వాత ఎన్నాళ్ళో నిలవలేదు.