రాణి మంగమ్మకు ఒక లోపం కావాలి

పోయిన వేసవి సెలవుల్లో కోయంబత్తూరులో మా పెద్దమ్మగారింటికి వెళ్ళాను. పెద్దమ్మ కొడుకు, మా అన్న, కాలేజీ స్నేహితులతో ఒక ఆట ఆడతాడు. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తెచ్చారు. కాగితం, పెన్సిలు, పాచికలు ఉంటే చాలు. ఒక పాచికకైతే 20 ముఖాలు! ఒకరు కథ చెబుతూ పోతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అయిపోయి, "నేనిప్పుడు ఇది చేస్తాను" అని చెప్పాలి. మంత్రగాళ్ళు, రాక్షసులు, మాయకోటలు అన్నీ వస్తాయి.

"నీ పాత్రను నువ్వే తయారుచేసుకో" అన్నాడు అన్న. మాది మదురై. ఇంకేం ఆలోచిస్తాను? మాయరాజ్యంలో ఒక రాణి, మనిషి మాత్రం మన రాణి మంగమ్మ అన్నాను.

పాత్రకు బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, ఆకర్షణ అని 6 గుణాలు ఉంటాయి. మూడు పాచికలు వేసి వచ్చిన సంఖ్యను రాయాలి. నేను పాచికలు వేయనే లేదు, అన్నిటికీ 18 రాసేశాను. అన్న పకపకా నవ్వాడు. "ఇది మనిషా, గుళ్ళో విగ్రహమా? దీనికి హారతి ఇచ్చి పక్కన పెట్టాల్సిందే" అన్నాడు. కాగితంలో కింద ఇంకో నాలుగు గళ్ళు చూపించాడు: స్వభావం, ఆదర్శం, బంధం, లోపం. లోపం గడి ఖాళీగా ఉంటే ఆటలోకి రానివ్వడట.

నాకు కోపం వచ్చింది. రాణి మంగమ్మకు లోపం ఏముంటుంది? మదురై రైల్వే స్టేషను ఎదురుగా ఆమె పేరుతో సత్రం ఉంది. తముక్కంలో ఆమె ఉన్న మహలే 1959 నుంచి గాంధీ మ్యూజియం. మా బడి పిల్లలందరం అక్కడికి వెళ్ళినవాళ్ళమే. ఆమె వేయించిన బాటల గురించి మా అవ్వ ఇప్పటికీ సొంత అత్తగారి గురించి చెప్పినట్టు చెబుతుంది.

మదురైకి తిరిగి వచ్చాక అవ్వనే అడిగాను. "ఆమె ఏమైనా తప్పు చేసిందా అవ్వా?"

"చేసింది పాపా. ఒక రోజు పరధ్యానంలో ఎడమ చేత్తో తాంబూలం నోట్లో పెట్టుకునింది. అయ్యో పాపం తగిలెనే అని భయపడి, దానికి ప్రాయశ్చిత్తంగానే బాటలు వేయించె, సత్రాలు కట్టించె" అనింది అవ్వ.

వెంటనే అన్నకు ఫోన్ చేశాను. లోపం దొరికింది, ఎడమ చెయ్యి అన్నాను. "అది లోపం కాదే, భయం. భయపడిన మనిషి బాట వేసిందంటే నీ పాత్ర కదలడం మొదలుపెట్టింది. ఇంకా తవ్వు" అన్నాడు.

లైబ్రరీలో మదురై నాయకుల చరిత్ర తీశాను. మంగమ్మ చొక్కనాథ నాయకుని భార్య. 1682లో ఆయన పోయినప్పుడు కొడుకు చిన్నవాడని ఆమె సహగమనం చెయ్యలేదు. ఆ కొడుకు రంగకృష్ణ ముద్దువీరప్ప 1689లో మశూచితో చనిపోయాడు. అప్పటికి కోడలు కడుపుతో ఉంది. బిడ్డను కని కొద్దిరోజులకే ఆ పిల్లా పోయింది. మూడు నెలల పసివాడు విజయరంగ చొక్కనాథుడికి పట్టం కట్టి, అతని పేరు మీద అవ్వ రాజ్యం ఏలింది. బంధం గడిలో ఏం రాయాలో ఇక నన్నెవరూ అడగక్కరలేదు.

ఆ కొడుకు గురించి ఒక కథ ఉంది. ఔరంగజేబు చెప్పును ఏనుగు మీద ఊరేగిస్తూ రాజుల దగ్గరికి పంపేవారట, అందరూ దానికి దండం పెట్టాలట. రంగకృష్ణుడు దాన్ని తీసి తన కాలికి తొడుక్కుని, రెండో చెప్పు ఏదని అడిగాడట. చదివి నేను చప్పట్లు కొట్టాను. తర్వాతి పేజీలో, అదే మొగలులకు తల్లి కప్పం కట్టింది. మొదట సిగ్గనిపించింది. కానీ ఉయ్యాలలో రాజు, చుట్టూ తంజావూరు, రామనాథపురం, తిరువాన్కూరు. పౌరుషానికి పోతే ఆ పసివాడి గతి? అందుకే ఆదర్శం గడిలో ధైర్యం అన్న మాట కొట్టేసి, "రాజ్యం నిలవాలి" అని రాశాను. అలాగని ఆమె యుద్ధాలు మానుకోలేదు. 1702లో రామనాథపురం సేతుపతి మీదికి సైన్యాన్ని పంపి ఓడిపోయింది కూడా. తెలివి 18 నుంచి 15కి దించాను, కొంచెం బాధగానే.

లోపం మాత్రం చివర్న దొరికింది. మనవడు పెద్దవాడయ్యాక ఆమెను మహల్లో బంధించి, తిండి పెట్టకుండా చంపారని మా ఊళ్ళో చెప్పుకుంటారు. అది నిజమా కథా అనేది కాదు నన్ను పట్టుకున్నది. వేళ్ళు మడిచి లెక్క వేశాను. 1689లో పుట్టినవాడికి 1704లో 15 ఏళ్ళు. నా వయసు! మా ఇంట్లో నేను ఏ క్లాసులో ఏ గ్రూపు తీసుకోవాలో, ఎన్ని గంటలకు ఇంటికి రావాలో అవ్వే చెబుతుంది. బీరువా తాళాలు ఆమె కొంగుకే ఉంటాయి. ఇన్ని రోజులూ నేను మంగమ్మ పక్కన నిలబడి చదువుతున్నాను, కానీ ఇంట్లో నేను ఆ మనవణ్ణి.

లోపం గడిలో రాశాను: "ఇవ్వాల్సిన రోజు వచ్చినా తాళాలు ఇవ్వలేదు."

దసరా సెలవుల్లో ఆట మొదలైంది. అన్న చెల్లెలు యువరాజు పాత్ర తీసుకుంది, దానికి 12 ఏళ్ళే. మూడో రోజు అది లేచి నిలబడి, "అవ్వా, నాకు పదిహేనేళ్ళు వచ్చాయి. కోట తాళాలు నా చేతికివ్వు" అనింది. అందరూ నా వైపు చూశారు. ఇచ్చెయ్యాలనే కూర్చున్నాను, నిజంగా. కానీ కోట బయట శత్రువులు దిగి ఉన్నారు, ఈ పిల్లకేమో కత్తి పట్టుకోవడం కూడా రాదు.

"ఇంకో ఏడాది ఆగు నాయనా" అన్నాను.

అన్న 20 ముఖాల పాచిక తీసి యువరాజు చేతిలో పెట్టాడు.