వెనక చక్రం పట్టుకుంటే మోసమా? ట్రయాథ్లాన్‌లో గుంపు సైక్లింగ్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ సైకిల్ గురించే, కానీ మొదలుపెట్టేది రైలుతో.

1899 జూన్ 30, న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్. రైలు పట్టాల మధ్యలో రెండు మైళ్లకు పైగా చెక్క పలకలు పరిచారు. ముందు ఇంజన్, దాని వెనక ఒక బోగీ. బోగీ వెనకవైపు గాలి తగలకుండా గూడులాంటిది కట్టారు. ఆ గూట్లో సైకిల్ మీద ఒక మనిషి, పేరు చార్ల్స్ మర్ఫీ. ఎంత స్పీడుగా వెళ్లే రైలైనా సరే, దాని వెనకే తొక్కగలనని చాలా కాలంగా చెప్తూ వచ్చాడు. జనం నవ్వారు. రైల్వే కంపెనీకి మాత్రం ఇందులో పబ్లిసిటీ కనిపించింది. ఆ రోజు మర్ఫీ ఒక మైలు దూరాన్ని 57.8 సెకన్లలో తొక్కేశాడు. అంటే గంటకి దాదాపు వంద కిలోమీటర్లు! గేర్లు మార్చే వసతి లేదు, హెల్మెట్ లేదు, కింద చూస్తే చెక్క పలకలు. మైలు అయ్యాక ఇంజన్ స్పీడు తగ్గింది, మర్ఫీ వెళ్లి బోగీని గుద్దుకోబోయాడు. వెనక నిలబడ్డవాళ్లు మనిషినీ సైకిల్నీ కలిపి పైకి లాగేశారు. తర్వాత ఇతను న్యూయార్క్ పోలీసుల్లో చేరాడు.

ఇదే పనిని 2018లో డెనీస్ ముల్లర్ కోరెనెక్ అనే అమెరికన్ చేసింది. యూటాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో, ఒక రేస్ కారు వెనక. స్పీడు గంటకి 296 కిలోమీటర్లు. అప్పటికి ఆవిడ వయసు 45. తొక్కింది సైకిలే. మన బుల్లెట్ బండి కూడా ఆ స్పీడు కలలో తప్ప చూడదు.

మరి ఇదెలా సాధ్యం? సింపుల్. సైకిల్ తొక్కేవాడికి అసలు శత్రువు గాలి. గాలి అడ్డం స్పీడుకి వర్గంగా పెరుగుతుంది, మనం పెట్టాల్సిన పవర్ ఘనంగా పెరుగుతుంది. అర్థమయ్యేలా చెప్పాలంటే, గాలి వరకే చూసుకుంటే స్పీడు రెట్టింపు కావాలంటే పవర్ ఎనిమిది రెట్లు కావాలి. బీటెక్ ఫస్ట్ ఇయర్ ఫిజిక్స్‌లో ఇది రాసి మార్కులు తెచ్చుకున్నాం కానీ, సైకిలెక్కేదాకా ఒంటికి ఎక్కలేదు. ముప్పై దాటాక చదును రోడ్డు మీద మన శ్రమలో సింహభాగం గాలిని తోసుకుపోవడానికే. ముందున్నవాడి వెనక చక్రానికి దగ్గరగా దూరితే ఆ గాలిని వాడు తోస్తాడు, మనకి చాలా మిగులుతుంది. దీన్నే డ్రాఫ్టింగ్ అంటారు. 2018లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ బెర్ట్ బ్లాకెన్ టీమ్ 121 మంది రైడర్ల గుంపు మీద లెక్కలు వేసింది. గుంపు లోపల, వెనక భాగంలో ఉన్నవాడికి తగిలే గాలి అడ్డం, ఒంటరిగా తొక్కేవాడితో పోలిస్తే 5 నుంచి 10 శాతమే. ఇంకా తమాషా ఏంటంటే, వెనక ఒకడుంటే ముందున్నవాడికి కూడా కొంచెం లాభమే.

ఇక్కడే గొడవ మొదలైంది. ముందున్నవాడు కష్టపడతాడు, వెనకవాడు దాచుకుంటాడు, చివర్లో వెనకవాడు దూకి గెలుస్తాడు. ఇది న్యాయమా?

దీనికి "కాదు" అని గట్టిగా చెప్పినవాడు హెన్రీ డెగ్రాంజ్. 1903లో టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టిన పేపర్ ఎడిటర్. ఆ మొదటి టూర్‌లో 60 మంది బయల్దేరితే 21 మందే పూర్తి చేశారు, చిమ్నీలు శుభ్రం చేసే పని నుంచి వచ్చిన మోరిస్ గారిన్ గెలిచాడు. డెగ్రాంజ్ కుర్చీలో కూర్చుని రూల్స్ రాసిన బాపతు కాదు. 1893లో పారిస్ ట్రాక్ మీద, ముందు ఎవరూ లేకుండా, ఒక్కడే గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టినవాడు. అందుకే కాబోలు, ఒకడి చాటున ఇంకొకడు తొక్కడం అంటే ఆయనకి ఒళ్లు మంట. 1927లో ఏకంగా 24 స్టేజీల్లో 16 స్టేజీలకి టీముల్ని విడివిడిగా, మధ్యలో టైమ్ గ్యాప్ ఇచ్చి వదిలాడు, ఒక టీమ్ చాటున ఇంకో టీమ్ చేరకుండా. ఏమైంది? బలమైన టీములు బాగుపడ్డాయి, బలహీన టీముల్లో ఉన్న మంచి రైడర్లు మునిగిపోయారు. రోడ్డు పక్కన నిలబడ్డ జనానికైతే ఎవడు ముందున్నాడో అర్థం కాలేదు. కొన్నేళ్లకే ఆ పద్ధతి పక్కకి పోయింది. నా అభిప్రాయం అడిగితే, డెగ్రాంజ్ బాధ నిజమే, మందే తప్పు.

ఇప్పుడు ట్రయాథ్లాన్‌కి వద్దాం. ఈత, సైకిల్, పరుగు, వరసగా. 1974 సెప్టెంబర్‌లో శాన్ డియాగోలోని మిషన్ బేలో 46 మందితో చిన్న పోటీ జరిగింది. తర్వాత 1978 ఫిబ్రవరి 18న హవాయిలోని ఓహూ దీవిలో మొదటి ఐరన్‌మ్యాన్. నేవీ ఆఫీసర్ జాన్ కాలిన్స్ ఆలోచన అది. ఈతగాడా, సైకిలిస్టా, పరుగువీరుడా, ఎవడు గట్టోడు అనే వాదన తేల్చడానికి మూడూ కలిపి ఒకే రోజు పెట్టేశారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, ఆపైన పూర్తి మారథాన్. 15 మంది దిగారు, 12 మంది పూర్తి చేశారు. గోర్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషాల్లో గెలిచాడు. సైకిల్ అయ్యేసరికి ముందున్నవాడు జాన్ డన్‌బార్. కానీ అతని సహాయకుల దగ్గర నీళ్లు అయిపోయి, మారథాన్‌లో బీరు పట్టించారు! రెండో స్థానం వచ్చిందంటేనే గొప్ప.

ఆ 15 మందికి గుంపు సమస్య ఎక్కడుంటుంది చెప్పండి, రోడ్డంతా ఖాళీ. పోటీదారులు వందలు, వేలు అయ్యాక వచ్చింది. ఐరన్‌మ్యాన్ దారిలో డ్రాఫ్టింగ్ నిషేధం. సాధారణంగా ముందున్న సైకిల్‌కి 12 మీటర్ల దూరం ఉండాలి. దాటాలంటే 25 సెకన్లలో దాటేయాలి. పట్టుబడితే 5 నిమిషాలు పెనాల్టీ టెంట్‌లో నిలబడాలి. ఎవడి గాలి వాడే కోసుకోవాలన్నమాట.

కానీ ట్రైనింగ్ క్యాంపులో? అక్కడ అంతా ఉల్టా. న్యూజీలాండ్‌లో స్కాట్ మొలీనా, గోర్డో బర్న్ నడిపిన ఎపిక్ క్యాంప్ లాంటివాటి నుంచి మన ఊటీ క్యాంపుల దాకా రోజంతా గుంపుగానే తొక్కుతారు. మొలీనా అంటే 1988లో హవాయి ఐరన్‌మ్యాన్ గెలిచినవాడు, అల్లాటప్పా మనిషి కాదు.

నేను వెళ్లిన ఒక క్యాంపులో అత్యంత కష్టమైన రోజు మైసూరు నుంచి మసినగుడి మీదుగా ఊటీ. సుమారు 125 కిలోమీటర్లు. పన్నెండు మందిమి, రెండు వరసలు. ముందున్న జత ఐదు నిమిషాలు గాలి కోసి వెనక్కి రావాలి, తర్వాతి జత ముందుకి. గుంతొస్తే ముందువాడు చేత్తో చూపించాలి, స్పీడ్ బ్రేకరొస్తే అరవాలి. ముందు చక్రానికీ నా చక్రానికీ మధ్య జానెడు కంటే కొంచెం ఎక్కువ. వాడు బ్రేక్ కొడితే అందరం పేకముక్కల్లా పోతాం. గుండ్లుపేట దాటాక ఎదురుగాలి మొదలైంది. నా వంతు వచ్చినప్పుడు ఐదు నిమిషాలు ఐదు గంటల మీటింగ్‌లా సాగింది. వెనక్కి చేరగానే ఎవరో ఫ్యాన్ ఆపేసినట్టు హాయి.

మాలో ఒకావిడ బ్యాంకు ఉద్యోగి, నలభై దాటాయి, అందరం అక్కా అని పిలిచేవాళ్లం. చదును మీద స్పీడు తక్కువని కోచ్ గారు ఆవిడని వెనకే ఉంచారు, ముందుకి రానివ్వలేదు. మసినగుడి దాటాక కల్హట్టి ఘాట్, 36 హెయిర్‌పిన్ మలుపులు. అక్కడ స్పీడు ఏడెనిమిదికి పడిపోతుంది. ఆ స్పీడులో గాలి లెక్కే లేదు, మీద పడేది ఒంటి బరువు. డ్రాఫ్టింగ్ అక్కడ పనికిరాదు, గుంపు ముక్కలైపోయింది. బక్కపల్చటి అక్క ఒక్కొక్కరినీ దాటుకుంటూ, మాలో నలుగురికి "రా తమ్ముడూ" అని చెప్తూ వెళ్లిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర ఒక కుర్రాడు ఉండబట్టలేక అనేశాడు: "అక్కా, పొద్దుటినుంచి మా వెనక దాచుకుని ఘాట్‌లో మమ్మల్నే కొట్టారు, ఇదేం న్యాయం?" అక్క రసం పోసుకుంటూ, "నన్ను గుండ్లుపేటలోనే వదిలేసి ఉంటే నీకు న్యాయంగా ఉండేదా?" అంది. వాడు మాట్లాడలేదు. నాకైతే డెగ్రాంజ్ ఆ టేబుల్ దగ్గర కూర్చుంటే ఏమనేవాడో అనిపించింది.

ఇదే వాదన ట్రయాథ్లాన్ పెద్దల మధ్య కూడా నడిచింది. 1994లో పారిస్‌లో ఒలింపిక్ కమిటీ ఈ ఆటని సిడ్నీ 2000కి ఒప్పుకుంది. కానీ ఊరి మధ్య చిన్న దారిలో యాభై మంది మేటి రైడర్లు ఒకేసారి తిరుగుతుంటే ఎవడు ఎవడి వెనకున్నాడో ఏ అంపైర్ పట్టుకోగలడు? అందుకే 1995లో ఎలైట్ పోటీల్లో డ్రాఫ్టింగ్‌కి ఓకే చెప్పారు. పాతకాలపు వాళ్లు మండిపడ్డారు. ఇక సైకిల్ ఎందుకు, ఈత కొట్టి పరుగెత్తించండి చాలు అన్నారు. పట్టుకోలేని రూల్ పెట్టడం కంటే తీసేయడమే నయమని నా ఉద్దేశం. నిజాయితీగా ఆడేవాడికే నష్టం అందులో.

సిడ్నీలో ఆడవాళ్ల పోటీలో స్విట్జర్లాండ్‌కి చెందిన బ్రిజిట్ మెక్‌మాన్ రెండు సెకన్ల తేడాతో గెలిచింది. మర్నాడు మగవాళ్ల పోటీ. సైకిల్ మీద ఉండగా గుంపులో కొందరు కుప్పకూలారు, కెనడా కుర్రాడు సైమన్ విట్‌ఫీల్డ్ అందులో ఇరుక్కున్నాడు. లేచి, మళ్లీ తొక్కి, పరుగులో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి, ఆఖరి కొన్ని వందల మీటర్లలో జర్మనీ ఆటగాడు స్టెఫాన్ వుకోవిచ్‌ని దాటి గోల్డ్ కొట్టాడు. టైమ్ 1 గంట 48 నిమిషాల 24 సెకన్లు.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో మళ్లీ డెగ్రాంజ్ గారే. గేర్లు మార్చే పరికరాన్ని 1937 దాకా టూర్‌లోకి ఎందుకు రానివ్వలేదో చూద్దాం. ఉంటాను.