కొత్త ఉప్పునీటి అక్వేరియంలో పాచి పడితే ఏం చేయాలి?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఇళ్లలో చేపల తొట్టి కొత్త విషయమేమీ కాదు. గోల్డ్‌ఫిష్‌తో మొదలుపెట్టినవాళ్లు కొందరు, పిల్లలు ‘నీమో’ అని పిలిచే క్లౌన్‌ఫిష్ కోసం ఉప్పునీటి తొట్టికి మారతారు. రెండు మూడు వారాలు తిరిగేసరికి ఇసుక మీద, అద్దాల మీద గోధుమరంగు పాచి పడుతుంది. తొట్టి పాడైందనుకుని నీళ్లన్నీ పారబోసి, రాళ్లూ ఇసుకా బోరు నీళ్లతో కడిగేస్తే అసలు నష్టం అప్పుడే మొదలవుతుంది.

ఎందుకంటే...

చేపల వ్యర్థాలు, మిగిలిపోయిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకు విషం. రాళ్లలో, ఇసుకలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అన్నీ కడిగేస్తే అదీ పోతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది. ఈలోపు తొట్టిలో చేపలుంటే చనిపోవచ్చు.

రంగును బట్టి గుర్తుపట్టండి

గోధుమరంగు పొడిలాంటిది: ఇవి డయాటమ్‌లు. నీటిలోని సిలికాతో పెరుగుతాయి. తుడిస్తే పోతాయి. సిలికా అయిపోయాక చాలావరకు వాటంతటవే తగ్గుతాయి.

ఆకుపచ్చ వెంట్రుకల్లాంటిది: నైట్రేట్, ఫాస్ఫేట్, లైటు ఎక్కువైతే వచ్చే నాచు. చేత్తో పీకి బయట పడేయాలి.

ఎర్రటి జిగురు పొర: ఇది నిజానికి నాచు కాదు, సైనోబ్యాక్టీరియా. నీటి కదలిక తక్కువున్న మూలల్లో ఎక్కువగా పేరుకుంటుంది. సైఫన్ పైపుతో లాగేసి, పంపు అటువైపు తిప్పాలి.

నీళ్ల దగ్గరే అసలు సంగతి

ఈ ప్రాంతానికి నల్లాల్లో వచ్చేది కృష్ణా నీరు. చాలా ఇళ్లలో బోరు, ట్యాంకర్ నీళ్లు కూడా కలుస్తాయి. హైదరాబాద్ నేల కింద ఉన్నది గ్రానైట్ కాబట్టి బోరు నీళ్లలో సిలికా ఉంటుంది. నైట్రేట్ కూడా ఉండొచ్చు. ఆ నీళ్లలో ఉప్పు కలిపితే పాచికి మేత వేసినట్టే.

ఆర్ఓ నీళ్లు వాడాలి. అయితే తాగడానికి పెట్టుకున్న ఆర్ఓ మెషీన్లు చాలావాటిలో రుచి కోసం మినరల్స్ మళ్లీ కలుస్తాయి. టీడీఎస్ మీటర్‌తో చూడండి. అక్వేరియానికి అది సున్నాకు దగ్గరగా ఉండాలి. డీఐ ఫిల్టర్ జోడిస్తే ఆర్ఓ దాటిన సిలికా కూడా తగ్గుతుంది.

చేయాల్సిన పనులు

• వారానికోసారి 10 శాతం నీళ్లు మార్చండి. 100 లీటర్ల తొట్టికి 10 లీటర్లు. మెరైన్ సాల్ట్ లీటరుకు సుమారు 35 గ్రాములు కలిపి, సాంద్రత 1.025 ఉందో లేదో చూసుకోండి. వంట ఉప్పు పనికిరాదు.
• ఆవిరైన నీటికి బదులు ఉప్పు లేని ఆర్ఓ నీళ్లే పోయండి. నీళ్లే ఆవిరవుతాయి, ఉప్పు కాదు.
• లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. కిటికీ ఎండ పడనివ్వద్దు.
• రెండు నిమిషాల్లో తినగలిగినంత మేతే వేయండి. ఈద్‌కి ఊరెళ్తే పక్కింటివాళ్లకు డబ్బా మొత్తం అప్పగించకుండా, రోజుకింత అని పొట్లాలు కట్టి ఇవ్వండి.
• నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచండి. మే నెల ఎండల్లో ఫ్యాన్ పెట్టాలి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు చేపల ప్రాణం కాపాడుతుంది.

ఇవి వద్దు

పాచిని చంపే మందులు, యాంటీబయాటిక్ మాత్రలు వేయొద్దు. చచ్చిన పాచి కుళ్లి ఆక్సిజన్ పడిపోతుంది, మంచి బ్యాక్టీరియా కూడా దెబ్బతినొచ్చు.

పాచి తినే నత్తలు కొంతవరకు సాయం చేస్తాయి. పాచి పూర్తిగా కుదుటపడ్డాక, కొద్దిగానే తెచ్చుకోండి. ఏ జీవిని కొన్నా ముందు పేరు కనుక్కోండి. గట్టి పగడాలు, సముద్ర గుర్రాలు, మరికొన్ని శంఖాలు, నత్తలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జాతులు. సముద్రం నుంచి తెచ్చిన ‘లైవ్ రాక్’లో పగడం ఉండొచ్చు. సిరామిక్ రాయి వాడితే ఆ చిక్కు ఉండదు.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ టెస్ట్ కిట్‌లో సున్నా చూపిస్తే తొట్టి దారిలో పడ్డట్టే. అద్దం మీద కాస్త పాచి కనిపించినా, అప్పుడు ఒక చేపతో మొదలుపెట్టొచ్చు.