మీట్‌లో ‘ఏ’ ఎందుకుంది?

మాంసాన్నీ మీట్ అంటాం, కలుసుకోవడాన్నీ మీట్ అంటాం. పలుకు ఒకటే. రాతలో మాత్రం మొదటిదానికి ‘ఈ-ఏ’, రెండోదానికి ‘ఈ-ఈ’. ఎందుకని అడిగిన పిల్లలకు తరచూ దొరికే జవాబు ‘బట్టీ పట్టు’ అనే. కానీ ఆ తేడా ఊరికే రాలేదు. ఒకప్పుడు ఆ రెండు మాటల పలుకే వేరు.

క్రీ.శ. 597లో రోమ్ నుంచి కెంట్‌కు వచ్చిన క్రైస్తవ మిషనరీల వెంట లాటిన్ లిపి కూడా వచ్చింది. ఇంగ్లిష్ వాళ్ల నోట పలికే అచ్చులు ఎక్కువ, ఆ లిపిలో అచ్చులకున్న అక్షరాలు తక్కువ. అక్షరాలను జంట కట్టడం ఆ కొరతను తీర్చే ఒక దారి అయింది.

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఫ్రెంచి రాత అలవాట్లు వచ్చాయి. అప్పట్లో ఇంటిని ‘హూస్’ అనేవారు. అందులోని దీర్ఘాన్ని లేఖకులు ఫ్రెంచి పద్ధతిలో ‘ఓ-యు’ అని రాశారు. అంటే నేడు ‘హౌస్’లో రెండు స్వరాలు కలిసి పలికే ఆ జంట, పుట్టినప్పుడు ఒక్క ఊకారానికే గుర్తు.

14వ శతాబ్దపు కవి చాసర్ కాలంలో ఇంగ్లిష్‌కు దీర్ఘ ఏకారాలు రెండు. ‘మేడ’, ‘మేడి’ అని పలికి చూడండి. మొదటి మాటలో నోరు కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. మనకు ఆ తేడాతో అర్థం మారదు, వాళ్లకు మారేది. నోరు తెరిచి పలికితే మాంసం, అంత తెరవకపోతే కలుసుకోవడం.

సుమారు 1400 నుంచి 1700 వరకు ఇంగ్లిష్ దీర్ఘాచ్చులన్నీ స్థానాలు మారాయి. డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ దీనికి ‘గ్రేట్ వవల్ షిఫ్ట్’ అని పేరు పెట్టాడు. హూస్ క్రమంగా హౌస్ అయింది. కలుసుకోవడం ముందుగా ‘మీట్’ అయింది, మాంసం ‘మేట్’ దగ్గర ఆగింది. 16వ శతాబ్దంలో ఈ తేడాకు గుర్తుగానే ‘ఈ-ఈ’, ‘ఈ-ఏ’ జంటలు స్థిరపడ్డాయి. ‘బూట్’కు ‘ఓ-ఓ’, ‘బోట్’కు ‘ఓ-ఏ’ కుదిరిందీ ఇలాగే.

1476లో వెస్ట్‌మినిస్టర్‌లో విలియం కాక్స్‌టన్ పెట్టిన ముద్రణాలయంతో ఇంగ్లండ్‌లో అచ్చు పుస్తకాలు మొదలయ్యాయి. అవి పెరిగేకొద్దీ వర్ణక్రమం గట్టిపడింది, పలుకు మాత్రం కదులుతూనే ఉంది. 1714లో అయిదు సర్గలుగా వెలువడిన ‘ది రేప్ ఆఫ్ ది లాక్’ కావ్యంలో అలెగ్జాండర్ పోప్ తేనీటి మాటకు ‘ఒబే’తో అంత్యప్రాస కట్టాడు. అంటే అక్కడ టీ కాదు, ‘టే’! తర్వాత టే టీలో కలిసింది, మేట్ మీట్‌లో కలిసింది. రాత మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

జంటలో మొదటి అక్షరమే తన పేరు పలుకుతుందని అక్షరాల పలుకు నేర్పే ఫోనిక్స్ తరగతిలో చెబుతారు. ‘ఈ-ఏ’తో రాసే గ్రేట్, బ్రేక్, స్టేక్ ఆ సూత్రానికి లొంగవు. వాటిని మినహాయింపులని వదిలేయకండి. మిగతా మాటలు ‘ఈ’ వైపు వెళ్లిపోయినా ఆ మూడూ ‘ఏ’ దగ్గరే నిలిచాయి. వాటిని పిల్లల చేత పలికించండి. మీట్‌లో ‘ఏ’ ఎందుకుందో వాళ్ల చెవులకే తెలుస్తుంది.