ముఖాలు కనిపించని సభ

సభ్యత అనే మాట సభ అనే మాటనుండి పుట్టినది. సభలో కూర్చుండుటకు తగినవాడు సభ్యుడు. అతని నడవడి సభ్యత. కనుక మర్యాద ఏకాంతంలో అలవడే గుణం కాదని, నలుగురిలో మెలగుటవలన అలవడేదని ఈ మాటను కల్పించినవారు భావించినట్లు తోస్తుంది. నలుగురిలో కూర్చున్నవాని నోటిని అదుపులో ఉంచేవి శాసనాలు మాత్రమే కావు. ఎదుటివాని ముఖం, పెద్దల చూపు, రేపు మళ్లీ ఇదే వీథిలో నడవవలెనన్న ఎరుక, ఇవన్నీ కలిసి అతని మాటకు కళ్లెం వేస్తాయి. ముఖం, చూపు, వీథి ఈ మూడూ లేని సభ ఒకటి ఏర్పడితే అక్కడ సభ్యతకు ఆధారమేమిటి? ఇరవయ్యవ శతాబ్దం చివరి దశాబ్దాలలో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి మనుష్యులు అటువంటి సభలను నిజంగానే నిర్మించుకొన్నారు. వాటి చరిత్ర నలభై ఏండ్లు దాటినది. ఆ చరిత్రలో పై ప్రశ్నకు కొన్ని సమాధానాలు లభిస్తాయి.

వీటిలో తొలినాటిది యూజ్‌నెట్. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనే ఇద్దరు విద్యార్థులు దీనిని ఊహించినారు. ఒక కంప్యూటరులో వ్రాసిన లేఖ పొరుగు కంప్యూటరుకు, అక్కడనుండి మరొక పొరుగుకు నకళ్లుగా సాగిపోయేది. విషయానికొక శాఖ చొప్పున వందలకొద్ది శాఖలు ఏర్పడినవి. తెలుగువారికి కూడా అందులో ఒక శాఖ ఉండేది. తెలుగు లిపి ఇంకా తెరకెక్కని ఆ రోజులలో వారు రోమను అక్షరాలలోనే తెలుగు వ్రాసుకొన్నారు. ఈ మహాసభకు అధ్యక్షుడు లేడు, కేంద్ర కార్యాలయం లేదు. కొన్ని శాఖలలో మాత్రం లేఖలను ముందుగా చదివి అనుమతించేవారుండేవారు. మిగిలిన చోట్ల హద్దుమీరినవానిని మందలించుట, లేదా అతడు పనిచేసే సంస్థకు ఫిర్యాదు చేయుట తప్ప వేరు ఉపాయం లేదు.

అయినను ఆ సభ పదేండ్లకు పైగా చాలవరకు మర్యాదగానే నడిచినది. దానికి కారణం బోధన. చక్ వాన్ రోస్పాక్ వంటి పాతకాపులు కొత్తవారికోసం నడవడి పాఠాలు వ్రాసిపెట్టినారు. ఎల్లరూ అడిగే ప్రశ్నలకు సమాధానాలను ఒకచోట కూర్చి, శాఖలలో మాటిమాటికి ప్రకటించినారు. ఏటా సెప్టెంబరులో విశ్వవిద్యాలయాలలో కొత్త విద్యార్థులు చేరగానే యూజ్‌నెట్‌లో కూడా కొంత గందరగోళం పుట్టేది. పాతవారు ఓపికతోనో విసుగుతోనో వారికి పద్ధతులు నేర్పేవారు. కొద్ది వారాలలో సభ సర్దుకొనేది. 1993-94 ప్రాంతాలలో వాణిజ్య సంస్థలు తమ లక్షలాది చందాదారులకు ఈ ద్వారాన్ని తెరచినవి. రాక ఆగలేదు, నేర్పేవారి సంఖ్య చాలలేదు. 1993 సెప్టెంబరు మాసం నేటికీ ముగియలేదని పాతవారు వ్యంగ్యంగా చెప్పుకొన్నారు. మర్యాద ఒకరినుండి మరొకరికి అందుటకు కొంత వ్యవధి కావలెననీ, ఆ వ్యవధి లేని సభ ఎంత పెద్దదైనను తన జ్ఞాపకాన్ని కోల్పోతుందనీ యూజ్‌నెట్ పతనం తెలుపుతున్నది.

ఇంతకంటె లోతైన పాఠం మరొక చిన్న సభలో లభిస్తుంది. దాని పేరు లాంబ్డామూ. 1990లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేసే పావెల్ కర్టిస్ దీనిని ప్రారంభించినాడు. అది కేవలం మాటలతో కట్టిన ఇల్లు. అందులో బొమ్మలు లేవు, ధ్వనులు లేవు. గది అంటే గదిని వర్ణించే నాలుగు వాక్యాలు. తలుపు అంటే ఒక వాక్యం. లోపలికి వచ్చిన ప్రతివ్యక్తి తనకొక పేరు పెట్టుకొని, తన రూపాన్ని తానే వర్ణించుకొని, ఆ పాత్రగా సంచరించేవాడు. అతడు పలికిన మాట, చేసిన చేష్ట, ఆ గదిలోని అందరి తెరలమీద వాక్యాలుగా కనిపించేవి. ఒక నవలలోని పాత్రలన్నీ తమ తమ సంభాషణలను తామే వ్రాసుకొంటున్నట్లుండేది ఆ ఇల్లు.

ఆ ఇంటి యంత్రాంగం తెలిసి, దేనినైనను మార్చగలిగినవారిని అక్కడ మాంత్రికులని పిలిచేవారు. తొలి రోజులలో తగవులన్నీ వారే తీర్చినారు. జనం పెరిగినకొద్దీ ఆ భారం మోయరానిదైనది. 1992 డిసెంబరులో కర్టిస్ ఒక ప్రకటన చేసినాడు. ఇకమీదట మాంత్రికులు యంత్రాంగాన్ని మాత్రమే చూస్తారు. సంఘ విషయాలలో నిర్ణయాలను సంఘమే చేసుకోవలెనన్నది దాని సారాంశం. ఉదారమైన ఉద్దేశమే. కాని నిర్ణయించుకొనే మార్గాన్ని ఏర్పరచకుండానే నిర్ణయాధికారాన్ని వదలివేసినారు. దండించే శక్తి మాంత్రికుల చేతిలోనే మిగిలినది. దానిని ఎప్పుడు వాడవలెనో చెప్పే నోరు మాత్రం ఎవరికీ లేకుండా పోయినది.

మూడు నెలలు గడిచినవి. 1993 మార్చిలో ఒకనాటి రాత్రి మిస్టర్ బంగిల్ అనే పాత్ర జనం కూడే పెద్ద గదిలోకి ప్రవేశించినది. ఇతరుల పాత్రలు తామే చేస్తున్నట్లు వాక్యాలను పుట్టించే ఒక సాధనం అతని వద్ద ఉన్నది. దానితో అతడు అక్కడి కొందరి పాత్రలపై లైంగిక హింసను వర్ణించే వాక్యాలను వారి పేర్లతోనే అందరి ఎదుట ప్రకటించినాడు. ఆపవలసినదని వేడినను ఆపలేదు. చివరకు ఆ ఇంటిలోని పాతసభ్యుడొకడు తనకున్న ఉపాయంతో అతనిని బంధించినాడు. శరీరానికి ఏ గాయమూ కాలేదు. జరిగినదంతా వాక్యాలలోనే జరిగినది. కాని ఆ వాక్యాలను చదివిన బాధితురాలొకతె, మరునాడు అతనిని తొలగించవలసినదని సభకు లేఖ వ్రాస్తూ కన్నీరు పెట్టుకొన్నది. ఈ వృత్తాంతాన్ని 1993 డిసెంబరులో న్యూయార్కులోని ‘విలేజ్ వాయిస్’ పత్రికలో జూలియన్ డిబెల్ ప్రకటించగా లోకానికి తెలిసినది. మాటకు గాయపరిచే శక్తి ఉన్నదన్నది కవులకు కొత్త సంగతి కాదు. మాటలు తప్ప మరేమీ లేని సంఘంలో ఆ శక్తి ఎంతటిదో తొలిసారిగా స్పష్టపడినది.

పాత్రను శాశ్వతంగా తొలగించుటను అక్కడి పరిభాషలో కప్పను చేయుట అనేవారు. బంగిల్‌ను కప్పను చేయవలెనని పలువురు కోరినారు. కొద్ది రోజులలో సభ కూడినది. ప్రభుత్వమే ఉండకూడదన్నవారు కొందరు. చట్టాలు, న్యాయస్థానాలు కావలెనన్నవారు కొందరు. అది యంత్రసంబంధమైన దోషమేనని, అతని మాటలను ఎవరికి వారు తమ తెరమీద కనిపించకుండా చేసికొంటే చాలునని వాదించినవారు మరికొందరు. ఈ మూడవ వాదానికి ఒక బాధ అడ్డుపడినది. బాధితులు కన్నులు మూసుకొన్నంతమాత్రాన గదిలోని తక్కినవారు చూడకుండా పోరు. అవమానం నలుగురి ఎదుట జరిగేది గదా. గంటల తరబడి మాట్లాడినను తీర్మానం కుదరలేదు. సభ చెదిరిన తరువాత ఒక మాంత్రికుడు, అంతవరకు వాదనలు విన్నవాడు, ఒంటరిగా ఆలోచించుకొని బంగిల్‌ను తొలగించినాడు. చాలామంది కోరినదే జరిగినది. అయినను అది తీర్పు కాలేదు. ఒక వ్యక్తి చేసిన పని మాత్రమే అయినది. ఆ తరువాత అదే మనుష్యుడు వేరొక పేరుతో తిరిగి వచ్చినాడని అక్కడివారు గుర్తించినారు. ముఖంలేని సభలో వెలివేతకు కూడా ముఖముండదు.

ప్రయాణంనుండి తిరిగివచ్చిన కర్టిస్ కొత్త పద్ధతిని ప్రవేశపెట్టినాడు. ఏ సభ్యుడైనను అర్జీ పెట్టవచ్చును. తగినన్ని సంతకాలు పడితే అది ఓటుకు వస్తుంది. నెగ్గితే మాంత్రికులు దానిని అమలు జరపవలెను. సంఘానికి నోరు వచ్చినది. కాని కథ అక్కడితో ముగియలేదు. ఓట్లమీద ఓట్లు, తగవులమీద తగవులు పెరిగినవి. 1996లో మాంత్రికులు మరొక ప్రకటన చేసి, సంఘ విషయాలలో తాము జోక్యం చేసికొనక తప్పదని ఒప్పుకొన్నారు. నాలుగేండ్ల క్రితం అధికారాన్ని విడిచితిమనుకొన్నది వట్టి భ్రమ అని ఆ ప్రకటన అంగీకరించినట్లే. ఆ ఇంటిలో అధికారం లేని క్షణం ఎన్నడూ లేదు. ఎవరికి జవాబుదారీ అన్నదే తేలని అధికారం మాత్రం ఉండినది.

సంఘాలు తమను తాము ఎప్పుడు కట్టడి చేసికొంటాయన్న ప్రశ్నకు తెలుగునేలమీదనే ఒక సమాధానం దొరకుట విశేషం. రాబర్ట్ వేడ్ అనే పండితుడు కర్నూలు జిల్లాలో కాలువక్రింది గ్రామాలను పరిశీలించి 1988లో ఒక గ్రంథం ప్రకటించినాడు. కొన్ని గ్రామాలలో రైతులు తమంతట తామే ఉమ్మడి నిధి కూర్చుకొని, పొలాలకు వంతులవారీగా నీరు పెట్టేవారిని, పైరును పశువులనుండి కాపాడే కాపలావారిని నియమించుకొన్నారు. ఆ పక్క గ్రామాలలో ఇవేవీ లేవు. ఈ భేదానికి గుణభేదం కారణం కాదు. కాలువ మొదట ఉండి నీరు సమృద్ధిగా పారేచోట ఇట్టి ఏర్పాట్లు అరుదు. కాలువ చివర నీటికి కటకటపడేచోట ఎక్కువ. కట్టుబాటు లేకుంటే పంట పోతుందని తెలిసినవారే కట్టుబాటు చేసికొన్నారు. 1990లో ఎలినార్ ఆస్ట్రమ్ ఇట్టి ఉదాహరణలను పలు దేశాలనుండి సేకరించి, నిలిచిన సంఘాల లక్షణాలను వివరించినది. నియమాలకు లోబడేవారే వాటిని మార్చగలుగుట, కాపలాదారు సంఘానికి జవాబు చెప్పుట, తొలి తప్పుకు చిన్న శిక్ష విధించి తప్పు పెరిగినకొద్దీ శిక్షను పెంచుట, తగవులు త్వరగా తీరే చోటు దగ్గరలో ఉండుట వాటిలో ముఖ్యమైనవి. ఈ కృషికి ఆమెకు 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది.

ఈ లక్షణాలు కనిపించే అంతర్జాల సభలలో వికీపీడియా ప్రసిద్ధమైనది. దీనికి ముందు 2000లో నూపీడియా అనే విజ్ఞానసర్వస్వాన్ని ప్రారంభించినారు. అందులో పండితులు వ్రాసిన వ్యాసం ఏడు మెట్ల పరిశీలన దాటవలెను. ఫలితంగా వ్యాసాలు వ్రేళ్లమీద లెక్కింపదగినంత వేగంతో వచ్చినవి. 2001 జనవరి 15న జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ మార్గం మార్చి, ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చునన్నారు. ఇట్టి చోట అరాచకం ప్రబలకుండుటకు ముఖ్యకారణం ఒక చిన్న ఏర్పాటు. ప్రతి పుటకు దాని చరిత్ర తోడుగా ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చినారో అందులో నిలిచి ఉంటుంది. చెరిపినవాని శ్రమకంటె తిరిగి నిలిపేవాని శ్రమ తక్కువ. అందుచేత పాడుచేసినవానితో కలహించకుండానే పాడైనదానిని బాగుచేయవచ్చును.

అక్కడ కూడా నియమాలు ముందు పుట్టలేదు. తగవులే వాటిని పుట్టించినవి. ఇద్దరు పంతంపట్టి ఒకరి మార్పును మరొకరు తుడిచివేస్తూ పోగా, ఒక పుటలో ఒక దినంలో మూడుమార్లకంటె ఎక్కువగా అట్లా చేయరాదన్న నిబంధన 2004లో అమలైనది. అంతవరకు వేల్స్ ఒక్కడే వినే పెద్ద తగవులను అదే ఏడాది నుండి సభ్యుల మధ్యవర్తుల సంఘం వినసాగినది. 2005లో జాన్ సీగెన్‌థాలర్ అనే వృద్ధ పత్రికారచయితకు కెనెడీ సోదరుల హత్యలతో సంబంధముండెనని పేరు చెప్పనివాడొకడు వ్రాసిన అబద్ధం నాలుగు నెలలకు పైగా ఎవరి కంటా పడలేదు. ఆ నింద బయటపడిన తరువాతనే జీవించియున్నవారిని గూర్చి వ్రాయుటలో కఠిన నియమాలు వచ్చినవి. చూచే కన్నులున్నంతవరకే చరిత్రపుట కాపాడుతుంది.

ఆ చూచే పని ఎవరిదన్నది నేటి ప్రశ్న. కోట్లమంది చేరే వాణిజ్య వేదికలలో అది సభ్యుల చేతినుండి జీతగాళ్ల చేతికి పోయినది. దినమంతా తెరముందు కూర్చుండి ఇతరుల దూషణలను, హింసాచిత్రాలను జల్లెడపట్టే పని హైదరాబాదులో యువతీయువకులు చేస్తున్నారనీ, ఆ పని వారి మనస్సులను క్రుంగదీస్తున్నదనీ 2019లో పత్రికలు వ్రాసినవి. ఆ సభలలో మాట్లాడేవారికి ఈ కాపలావారు తెలియరు. వీరికి ఆ సభలలో ఓటు లేదు. కాలువ నీరు వాడుకొనేవారే కావలివానిని నియమించుకొన్న కర్నూలు పల్లెలకు, ఈ ఏర్పాటుకు మధ్య ఉన్న దూరం చిన్నది కాదు.

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనది. అందులో సభ్యులు పద్ధతులను చర్చించుకొని, తగవులు తీర్చుకొనే పుటకు రచ్చబండ అని పేరు పెట్టుకొన్నారు. పేరు పెట్టినవారు సముచితంగానే పెట్టినారు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న సామెతలో రచ్చ అంటే నలుగురు కూడిన సభ. రచ్చ చేస్తున్నాడన్నప్పుడు అదే మాటకు అల్లరి అని అర్థం. రెండు అర్థాలకూ ఒకే మాట చాలినదంటే, సభ అల్లరిగా మారుటకు ఎంతో కాలం పట్టదని పూర్వులు ఎరిగియుండిరన్నమాట. మధ్యలో నిలిచేది ఆ బండను ఊడ్చి, మాట తూలినవానిని మందలించి, కొత్తగా వచ్చినవానికి చోటు చూపే మనిషి. అతని పేరు చరిత్రలో సాధారణంగా మిగలదు. అతడు అలసి లేచిపోయిననాడు మాత్రం ఆ లోటు ఊరందరికీ తెలుస్తుంది.