వైద్యుని భృతి: మాన్యం మొదలు ప్యాకేజీ దాకా



బకాయిలు చెల్లించలేదంటూ ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేసిన వార్తలు 2025లో రెండు పర్యాయాలు, జనవరిలోనూ సెప్టెంబరులోనూ, పత్రికలలో చదివాము. అటువంటి వార్త వచ్చినప్పుడల్లా అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: బాకీ ఎంత? దానికంటె పాతదీ, దానికంటె ముఖ్యమైనదీ అయిన ప్రశ్న మరొకటి ఉన్నది. వైద్యునికి మనం ఇచ్చేది దేనికి? ఊరిలో ఉన్నందుకా, రోగిని చూచినందుకా, శస్త్రచికిత్స చేసినందుకా? దేనికి వెల కడితే ఆ పని పెరుగుతుంది. వెల కట్టని పని ఎంత గొప్పదైనా క్రమంగా మరుగున పడుతుంది. మన తెలుగునాట ఈ కొలత ఎట్లా మారుతూ వచ్చిందో, అందులో మా జిన్నారం వంటి కార్ఖానాల సీమకు ఏమి దక్కిందో చూద్దాము.

'భృతి' అనే మాటకు నిఘంటువులు జీతము, కూలి, పోషణము అని అర్థాలు చెబుతాయి. 'భృత్యుడు', 'భర్త' అనే మాటలకూ మూలం ఆ ధాతువే. భరించేవాడు ఒకడు, భరింపబడేవాడు ఒకడు. కనుక వైద్యుని భృతి చరిత్ర అంటే వైద్యుని ఎవరు భరించారు అన్న చరిత్రే.

దీనికి తెలుగుదేశంలో దొరికే పాత సాక్ష్యాలలో ప్రసిద్ధమైనది మల్కాపురం శిలాశాసనం. కాకతి రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించినది. నేటి అమరావతి ప్రాంతంలోని మందడం గ్రామాన్ని గోళకీ మఠాచార్యులు విశ్వేశ్వర శివాచార్యులకు ఇవ్వగా, ఆయన ఆ దానపు రాబడిని మూడు భాగాలు చేశారు. అందులో ఒక భాగంతో నడిచిన సంస్థలలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల ఉన్నాయి. జీవనానికి భూమి పొందినవారిలో వైద్యుడు కూడా ఉన్నాడు. ఏడున్నర శతాబ్దాల తరువాత ఒక ప్రభుత్వ పథకానికి 'ఆరోగ్యశ్రీ' అని పేరు పెట్టినప్పుడు నాకు మొదట స్ఫురించినది ఆ శాసనంలోని 'ఆరోగ్యశాల'యే.

ఇక్కడ గమనించవలసినది కొలత. ఆ వైద్యునికి భూమి ఇచ్చినది ఇన్ని ప్రసవాలు చేసినందుకు కాదు, ఇందరికి మందు ఇచ్చినందుకు కాదు. అక్కడ ఉన్నందుకు. రోగం రాని ఏడు కూడా అతనికి పంట వస్తుంది. కనుక రోగుల సంఖ్య పెంచుకోవలసిన అవసరం అతనికి లేదు. ఇది ఆ పద్ధతిలోని గుణం. దోషమూ ఉన్నది. మాన్యం వంశపారంపర్యమైనప్పుడు భూమి నిలుస్తుంది గాని విద్య నిలవాలన్న నియమం లేదు. తాత వైద్యుడు, మనుమడు వట్టి మాన్యగాడు కావచ్చును. తెలంగాణలో ఇనాముల రద్దు చట్టం 1955లో వచ్చింది. కార్మికుల బీమా వైద్యం హైదరాబాదుకు వచ్చినది కూడా ఆ సంవత్సరమే. ఒక కొలత పోతూ ఉండగా మరొక కొలత ప్రవేశించింది.

ఈ రెండవ కొలత ఐరోపా నుండి వచ్చినది. 1883లో జర్మనీలో బిస్మార్క్ కార్మికులకు రోగబీమా చట్టం చేయించాడు. 1911లో బ్రిటనులో లాయిడ్ జార్జి ఇటువంటి చట్టమే తెచ్చాడు. అక్కడ ప్యానెల్ జాబితాలో చేరిన వైద్యునికి, తన పేరిట నమోదైన మనుషుల లెక్కన, తలకు ఇంత అని సంవత్సరానికి చెల్లించేవారు. అక్కడి వైద్యుల సంఘం మొదట తీవ్రంగా ఎదిరించింది. తీరా అమలులోకి వచ్చాక వేలాది వైద్యులు చేరిపోయారు. పేదవాడలలో పనిచేసే వైద్యునికి అంత నికరమైన రాబడి అంతకు ముందు ఎరుగనిది.

మన దేశంలో ప్రొఫెసర్ బి.పి. అదార్కర్ 1944లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1948లో ఉద్యోగుల రాజ్యబీమా చట్టం, అంటే అందరూ ఇ.ఎస్.ఐ. అని పిలిచేది, ఏర్పడింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో పండిత నెహ్రూ దానిని ప్రారంభించి, గౌరవపూర్వకంగా మొదటి బీమాదారుగా పేరు నమోదు చేయించుకొన్నారు. ఈ చట్టం కింద వైద్యునికి చెల్లించడంలో రెండు మార్గాలు ఏర్పడ్డాయి. బొంబాయి, కలకత్తాల వైపు ప్యానెల్ పద్ధతిలో ప్రైవేటు వైద్యునికి తలసరి రుసుము. మన వైపు ప్రభుత్వ డిస్పెన్సరీ, అందులో నెలజీతపు డాక్టరు.

ఈ జీతపు సొమ్ము ఎక్కడి నుండి వస్తుందో మా సీమ కార్మికులు చాలామందికి తెలియదు. పథకంలోని వైద్యఖర్చులో ఎనిమిదింట ఏడు పాళ్లు కార్పొరేషనుది, ఒక పాలు రాష్ట్రానిది. కార్పొరేషను సొమ్ము కార్మికుని వేతనం నుండి, యజమాని వాటా నుండి వచ్చినదే. 2019 జూలై నుండి కార్మికుని వాటా నూటికి 75 పైసలు, యజమాని వాటా మూడుంపావు రూపాయలు. 15,000 రూపాయల వేతనం గలవాని పేరిట నెలకు 600 రూపాయలు జమ అవుతాయి. అందులో అతని జేబు నుండి పోయేది 112 రూపాయల 50 పైసలు. డిస్పెన్సరీ వరుసలో నిలబడ్డవాడు దానం పుచ్చుకోవడానికి రాలేదు, తాను ముందే కట్టిన సొమ్ముకు ప్రతిఫలం అడగడానికి వచ్చాడు. ఈ మాట నేను నా పూర్వ విద్యార్థులకు ఎన్నోసార్లు చెప్పాను.

మూడవ కొలత 2007 ఏప్రిల్ 1న వచ్చింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీని ఆరంభించి, 2008లో రాష్ట్రమంతటికీ విస్తరించింది. అప్పులపాలై ప్రాణాలు నిలుపుకొనే కుటుంబాలకు అది నిజంగా కొండంత అండ. గుండెకు శస్త్రచికిత్స అంటే పొలం అమ్మడమే అని అనుకొన్న ఇండ్లలో పిల్లలు బ్రతికి బట్టకట్టారు. దీనిని తక్కువ చేసి మాట్లాడరాదు.

అయితే ఇక్కడ భృతి కొలత పూర్తిగా మారింది. గదికి, మందులకు, పరీక్షలకు, భోజనానికి, వైద్యునికి కలిపి ఒక చికిత్సకు ఒక ధర. దానినే ప్యాకేజీ అంటున్నాము. సొమ్ము ముట్టేది ఆసుపత్రికి. అందులో వైద్యునికి ఎంత అన్నది అతనికీ యాజమాన్యానికీ మధ్య మాట. ప్రభుత్వ ఆసుపత్రులు చేసిన చికిత్సలకూ ప్యాకేజీ సొమ్ము వచ్చి, అందులో కొంత వైద్యబృందానికి ప్రోత్సాహకంగా పంచే ఏర్పాటు జరిగింది. జీతపు వైద్యుడు కూడా ఆ మేరకు పనికి ఇంత అనే లెక్కలోకి వచ్చాడు.

పనికి ఇంత అన్నప్పుడు చురుకుదనం పెరుగుతుంది, అవసరం లేని పనీ పెరుగుతుంది. మా ఉమ్మడి మెదక్ జిల్లాలోని మునిపల్లి మండలంలో చిన్న వయసు స్త్రీలకు సైతం అనవసరంగా గర్భసంచి తీసివేయడాన్ని గురించి వైద్యులు కామేశ్వరి, ప్రకాష్ వింజమూరి అధ్యయనం చేసి వెల్లడించారు. ఈ దోషం ఆరోగ్యశ్రీతో పుట్టినది కాదు. కోతకు రుసుము ఉన్న ప్రతి చోటా ఉన్నదే. ప్రభుత్వమే తరువాత ఆ శస్త్రచికిత్సను, మరికొన్నింటిని ప్రభుత్వ వైద్యశాలలకు పరిమితం చేయవలసి వచ్చింది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. 2024లో 163 కొత్త చికిత్సలను చేర్చి జాబితాను 1,835కు పెంచారు, చాలా వాటి ధరలనూ సవరించారు. ధర పెరిగితే వైద్యుడు నిలుస్తాడు. సకాలంలో చెల్లించకపోతే ఎంత ధర రాసినా కాగితం మీదిదే.

ఇక మా సీమ మాట. బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం కార్ఖానాలు జిన్నారం మండలం పరిధిలో వెలసినవి. లోకానికి మందులు చేసి పంపే ప్రాంతం ఇది. ఆ మందుల వెనుక మిగిలిన రసాయన జలాల మీద పటాన్‌చెరు, బొల్లారం ప్రజల తరఫున 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. ఇక్కడి రోగం ఒక్కనాటిది కాదు. ఏళ్ల తరబడి ఆవిరి పీల్చినవాని దగ్గు, ద్రావకాలలో చేతులు పెట్టినవాని చర్మం, రాత్రి పాళీలలో నలిగినవాని నిద్ర. వీటిని ఏ శస్త్రచికిత్సా నయం చేయదు. కనుక 1,835 పేర్లున్నా ఇటువంటి రోగికి ఆ జాబితా మొదట్లో అక్కరకు రాదు. రోగం ముదిరి, ఏదో ఒక అవయవం చెడి, ఆసుపత్రిలో చేర్చుకొనే దశ వచ్చాకనే అతడు ప్యాకేజీకి అర్హుడౌతాడు.

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని 1700లో వృత్తిరోగాల మీద గ్రంథం వ్రాస్తూ, వైద్యుడు రోగిని తప్పక అడుగవలసిన ప్రశ్న ఒకటి చేర్చాడు: నీవు చేసే పని ఏమిటి? మూడు శతాబ్దాలు గడిచినా ఈ ప్రశ్నకు మన పథకాలలో వెల లేదు. ఇ.ఎస్.ఐ. పథకంలో వృత్తిరోగాల పట్టిక ఉన్నది, వాటికి పరిహారమూ ఉన్నది. కాని ఆ పట్టిక దాకా కార్మికుడు చేరాలంటే ముందు ఎవరో ఒక వైద్యుడు కూర్చొని ఆ ప్రశ్న అడిగి, జవాబును రాసి పెట్టాలి. పొడవైన వరుస ముందు కూర్చున్న జీతపు వైద్యునికి తీరిక లేదు. ప్యాకేజీ వైద్యునికి ఆ ప్రశ్నతో పని లేదు.

పైగా మా కార్ఖానాలలో బీహారు, ఒడిశాల నుండి వచ్చినవారు చాలామంది. ఇక్కడి రేషను కార్డు లేనివారికి ఆరోగ్యశ్రీ తలుపు తెరుచుకోదు. ఆయుష్మాన్ భారత్ కార్డు ఆ పథకంలో చేరిన ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది గాని, అదీ చేర్చుకొన్న రోగికే. కాంట్రాక్టరు పేరు నమోదు చేయించకపోతే ఇ.ఎస్.ఐ. కూడా లేదు. అటువంటివాడు ఏ వైద్యుని లెక్కలోనూ ఒక తల కాడు.

మాన్యం వైద్యుని ఊరిలో నిలిపింది. తలసరి రుసుము, జీతం అతనిని కార్మికుని వాడకు తెచ్చాయి. ప్యాకేజీ అతనిని శస్త్రచికిత్స బల్ల దగ్గరకు చేర్చింది. ఏ ఒక్క కొలతా చాలదు. శస్త్రచికిత్సకు ప్యాకేజీ ఉండనీయండి, సకాలంలో చెల్లించండి. దానితోపాటు ఈ సీమలో ఒక్కొక్క వైద్యునికి ఇన్ని వందలమంది కార్మికులను, కార్డు ఏ రాష్ట్రానిదైనా సరే, అప్పగించి, వారిని ఏటా పరీక్షించి పని వివరం రాసి ఉంచినందుకు తలసరి భృతి ఇవ్వండి. ఆ రాత ఉంటే రేపు పరిహారం అడిగే కార్మికుని చేతిలో సాక్ష్యం ఉంటుంది. అది లేనంత కాలం ఇక్కడి రోగానికి పేరు ఉండదు, బాధ్యుడూ ఉండడు.