పెరట్లో జపాను మొక్క, దస్తావేజులో జపాను మనిషి

మిన్నెసోటా రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్‌లో జూన్ నెలలో ఏ వీధిన నడిచినా ఒక మొక్క కనబడి తీరుతుంది. చెట్టు కింద, గోడవారన, మెట్ల పక్కన, ఎండ సరిగ్గా పడని ప్రతి చోటా గుబురుగా పరుచుకుని ఉంటుంది. పెద్ద రకాల ఆకులు దూరం నుంచి మన చేమాకుల్లా ఉంటాయి. కొన్నిటిది నీలి ఛాయ, కొన్నిటిది లేత పసుపు, కొన్నిటికి తెల్లటి అంచు. దీని పేరు హోస్టా. ఇక్కడివాళ్లను కదిపితే మా అమ్మమ్మ పెరట్లో కూడా ఉండేదని మురిపెంగా చెబుతారు. ఇది పరాయి దేశపు మొక్క అన్న ఆలోచన ఎవరికీ రాదు. కానీ హోస్టా జాతులన్నీ జపాన్, కొరియా, చైనాలవే. అమెరికా అడవుల్లో సహజంగా పుట్టిన హోస్టా ఒక్కటీ లేదు.

ఈ మొక్కల్ని పెంచుతూ, రకాలు పోగుచేస్తూ, ఏది ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో చదువుతూ పోయినకొద్దీ నేను వచ్చి స్థిరపడిన ఈ దేశం నాకు అర్థమవుతూ వచ్చింది. జపాన్ మొక్కలకు అమెరికా ఎప్పుడు తలుపు తీసింది, జపాన్ మనుషుల్ని తన పౌరులుగా ఎప్పుడు ఒప్పుకుంది అని రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో తొంభై ఏళ్లు ఉన్నాయి. ఆ తొంభై ఏళ్ల సంగతే చెబుతాను.

జపాన్ తన రేవులన్నీ మూసుకుని ఉన్న రోజుల్లో ఐరోపావాళ్లకు ఒక్క నాగసాకి దగ్గర మాత్రం కాలు పెట్టనిచ్చేది. అక్కడి డెజిమా అనే చిన్న కృత్రిమ ద్వీపంలో డచ్చి వర్తకుల కోఠీ ఉండేది. మన మచిలీపట్నంలో కోఠీ పెట్టిన డచ్చి కంపెనీయే అదీ. ఆ కోఠీకి వైద్యుడిగా 1690లో వచ్చిన ఎంగెల్‌బర్ట్ కెంఫర్ ఈ మొక్క గురించి రాసి, బొమ్మలు గీసిన తొలి ఐరోపావాసి. 1823లో అదే ఉద్యోగానికి వచ్చిన ఫిలిప్ ఫ్రాంజ్ ఫాన్ సీబోల్డ్ ఇంకా ముందుకు వెళ్లాడు. జపాన్ పటాలు సంపాదించాడన్న నేరం మీద 1829లో అతన్ని దేశం నుంచి వెళ్లగొట్టారు. అతను సేకరించిన మొక్కలు మాత్రం నెదర్లాండ్స్‌లోని లైడెన్ చేరాయి. నీలి ఆకుల పెద్ద హోస్టాకు సీబోల్డియానా అనే పేరు అతని మీదుగా వచ్చిందే.

అమెరికాకు దారి వేరే తెరుచుకుంది. 1853లో కమడోర్ పెర్రీ యుద్ధనౌకలతో వెళ్లి, మరుసటి ఏడు జపాన్ చేత రేవులు తెరిపించాడు. 1862లో అధ్యక్షుడు లింకన్ థామస్ హాగ్ అనే న్యూయార్క్ నర్సరీ కుటుంబీకుణ్ణి జపాన్‌లో అమెరికా మార్షల్‌గా నియమించాడు. హాగ్ సర్కారు కొలువు చేస్తూనే మొక్కలు సేకరించి న్యూయార్క్‌లో నర్సరీ నడిపే సోదరుడు జేమ్స్‌కు ఓడల మీద పంపాడు. వాటిలో హోస్టాలు కూడా ఉన్నాయి. తెల్ల అంచున్న ఒక రకం చాలా కాలం థామస్ హాగ్ పేరుతోనే అమ్ముడుపోయింది.

1862 అన్న సంవత్సరం దగ్గర కాసేపు ఆగాలి. ఆ ఏడు మే నెలలో లింకన్ హోమ్‌స్టెడ్ చట్టం మీద సంతకం పెట్టాడు. ఐదేళ్లు కాపురముండి సాగు చేసుకుంటే 160 ఎకరాలు సొంతం. జూలైలో మోరిల్ చట్టం వచ్చింది. వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కళాశాలల కోసం రాష్ట్రాలకు భూములిచ్చింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి ఆ భూములు దక్కాయి. మరి ఆ భూములు ఎవరివి? ఇక్కడ అవి డకోటా ప్రజలవి. ఒప్పందాల ప్రకారం రావలసిన డబ్బూ తిండీ అందక ఆకలితో అలమటించిన డకోటాలు అదే ఏడు ఆగస్టులో తిరగబడ్డారు. సైనిక విచారణలో 303 మందికి మరణశిక్ష పడింది. లింకన్ ఆ జాబితా తగ్గించాక డిసెంబర్ 26న మాన్‌కేటో పట్టణంలో 38 మందిని ఒకేసారి ఉరితీశారు. ఆడవాళ్లను, పిల్లల్ని, ముసలివాళ్లను, దాదాపు 1,600 మందిని, ఆ చలికాలమంతా ఫోర్ట్ స్నెలింగ్ కోట కింద నది ఒడ్డున నిర్బంధించారు. వందమందికి పైగా అక్కడే చనిపోయారు. ఆ కోట సెయింట్ పాల్‌ను ఆనుకునే ఉంది. నేను హోస్టాలు నాటే మట్టికి ఈ చరిత్ర ఉంది. దీన్ని దాటవేసి ఇక్కడి తోటల అందం గురించి రాయడం నాకు చేతకాదు.

తర్వాత జపాన్ మొక్కల మోజు తూర్పు తీర నగరాలన్నిటా పాకింది. జపాన్ మనుషులు పడమటి తీరానికి వచ్చారు. కాలిఫోర్నియాలో ఎందరో తోటమాలులుగా, పూల రైతులుగా, నర్సరీదారులుగా కుదురుకున్నారు. వాళ్లు సాగు భూమి కొనకూడదని 1913లో కాలిఫోర్నియా చట్టం చేసింది. 1922లో టకావో ఒజావా కేసులో సుప్రీంకోర్టు జపానీయులకు పౌరసత్వానికి అర్హత లేదని తీర్పిచ్చింది. మరుసటి ఏడు భగత్ సింగ్ థింద్ కేసులో మనకూ అదే చెప్పింది. థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అయినా లెక్కలోకి రాలేదు. 1924 చట్టం జపాన్ నుంచి వలసనే ఆపేసింది.

ఇప్పుడు 1936కు రండి. మాసచూసెట్స్‌లోని వించెస్టర్‌లో ఉండే ఫ్రాన్సెస్ విలియమ్స్ అనే ఉద్యాన రూపశిల్పి కనెక్టికట్‌లోని ఒక నర్సరీలో సీబోల్డియానా మొక్కల వరుస చూస్తున్నారు. అన్నీ నీలిగా ఉన్నాయి. ఒక్కదాని ఆకులకు మాత్రం వెడల్పాటి పసుపు అంచు ఉంది. ఆమె దాన్ని కొని తెచ్చుకుని, పిలకలు విడదీసి పంచారు. ఒక పిలక ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ బొటానిక్ గార్డెన్ చేరింది. అక్కడి అధికారి జార్జ్ రాబిన్సన్ దానికి ఆమె పేరే పెట్టారు. అమెరికా హోస్టా ప్రియుల్లో ఫ్రాన్సెస్ విలియమ్స్ పేరు తెలియనివారు ఉండరు. వించెస్టర్ బోస్టన్ పక్కనే. సరిగ్గా ఆ కాలంలో బోస్టన్‌లోని హార్వర్డ్ వైద్య కళాశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలు చేస్తున్నారు. ఆయన ఎంత గొప్ప శాస్త్రవేత్త అయినా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టే హక్కు చట్టం ఆయనకు ఇవ్వలేదు. మనవాళ్లకు ఆ హక్కు 1946లో వచ్చింది, దాంతోపాటు ఏడాదికి వందమంది మాత్రమే వలస రావచ్చన్న కోటా.

ఆంక్షలు సరిహద్దు దగ్గరే ఆగలేదు, పెరటి దాకా వచ్చాయి. పక్కనే ఉన్న మిన్నియాపొలిస్‌లో 1910 నుంచి ఇళ్ల దస్తావేజుల్లో ఒక నిబంధన కనబడుతుంది. ఈ ఇల్లు ఫలానా జాతులవారికి అమ్మరాదు, అద్దెకివ్వరాదు, తాకట్టు పెట్టరాదు. ఆ తొలి దస్తావేజులోని జాబితాలో నల్లవారు, చైనావారు, తుర్కులతోపాటు జపానువారి పేరూ ఉంది. అంటే ఆ ఇంటి మెట్ల పక్కన జపాను మొక్క ఎన్నేళ్లయినా ఉండొచ్చు, జపాను మనిషి ఆ మెట్లెక్కి కాపురం చేయకూడదు. హోస్టాల గురించి నేను చదివిన దేనికన్నా ఈ నిబంధన నన్ను ఎక్కువ కలచివేసింది.

1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు 9066 మీద సంతకం పెట్టాక పడమటి తీరం నుంచి దాదాపు 1,20,000 మంది జపాను సంతతివారిని ఇళ్లు ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారు. మూడింట రెండు వంతులమంది ఇక్కడే పుట్టిన పౌరులు. పెంచి పెద్దచేసిన తోటలు, నర్సరీలు దొరికిన ధరకు అమ్ముకుని వెళ్లారు. అదే ఏడు సైన్యం తన జపాను భాషా పాఠశాలను శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మిన్నెసోటాలోని క్యాంప్ సావేజ్‌కు మార్చింది. 1944లో అది ఫోర్ట్ స్నెలింగ్‌కు వచ్చింది. అవును, డకోటాలను బంధించిన ఆ కోటకే. దాదాపు 6,000 మంది అక్కడ చదివారు. వాళ్లలో ఎక్కువమంది జపాను సంతతి అమెరికన్లే. సొంతవాళ్లు ముళ్లకంచెల వెనక ఉండగా ఈ దేశం తరఫున యుద్ధంలో పనిచేసినవాళ్లు వారిలో ఎందరో. యుద్ధం ముగిశాక కొందరు ఇక్కడే ఉండిపోయారు. జపానీయులకు పౌరసత్వ హక్కు 1952లో దక్కింది.

ఇక పెంపకం సంగతి. మన ఊళ్లలో దీన్ని పెంచాలని ఆశపడకండి. హోస్టాకు ఏటా కొన్ని వారాలైనా గట్టి చలి కావాలి, అప్పుడే మళ్లీ బలంగా మొలుస్తుంది. మా దగ్గర చలి సున్నాకు ముప్పై డిగ్రీల కిందికి పోయినా నేలలోని దుంప నిక్షేపంగా ఉంటుంది. మంచు కరిగాక మే మొదట్లో మొనదేరిన మొగ్గలు మట్టిని చీల్చుకుని లేస్తాయి, రెండు మూడు వారాల్లో చుట్టలు విప్పుకుంటాయి. ఆ సమయంలో ఆలస్యంగా మంచు పడితే లేత ఆకు మాడిపోతుంది. అందుకే మే నెలంతా రాత్రుళ్లు పాత దుప్పట్లు కప్పడం ఇక్కడ మామూలు.

నీలి హోస్టాల నీలం ఆకు మీది మైనపు పూత. వేలితో రుద్దితే కింద పచ్చదనం బయటపడుతుంది. ఎండకూ వానకూ ఆ పూత కరిగి ఆగస్టుకల్లా బ్లూ ఏంజెల్, హాల్సియన్ లాంటివి పచ్చబడతాయి. కనుక వాటికి చిక్కటి నీడ కావాలి. పసుపు రకాలకు మాత్రం పొద్దుటి ఎండ కొంత తగలాలి. గోల్డ్ స్టాండర్డ్ పచ్చగా విచ్చుకుని, వెలుతురు తాకినకొద్దీ మధ్య భాగం బంగారు రంగుకు తిరుగుతుంది. సమ్ అండ్ సబ్‌స్టెన్స్ ఒక్క మొక్క మనిషంత వెడల్పు పరుచుకుంటుంది. బ్లూ మౌస్ ఇయర్స్ చిన్న గుబురు, దళసరి గుండ్రటి ఆకులు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది చైనా నుంచి వచ్చిన ప్లాంటాజీనియా. ఆగస్టు సాయంత్రాల్లో తెల్లటి పొడుగాటి పూలు విచ్చుకుని పరిమళిస్తాయి. హోస్టాల్లో నిజమైన సువాసన దానిదీ దాని సంతానానిదీ మాత్రమే.

కొత్త రకాల్లో చాలా ఫ్రాన్సెస్ విలియమ్స్ చూసినట్టే పుడతాయి. ఒక గుబురులో ఏదో ఒక పిలక రంగు మారి వస్తుంది. దాన్ని కత్తితో విడదీసి వేరే నాటి, కొన్నేళ్లు నిలకడగా ఉంటే పేరు పెడతారు. విత్తనంతో తల్లి పోలిక రాదు. అలాగే చారల మొక్కలో పూర్తి పచ్చ పిలక లేస్తే వెంటనే తీసేయాలి. దానికి బలం ఎక్కువ, చారల వాటిని మింగేస్తుంది. ఇలా పుట్టిన రకాలు వేలల్లో ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కడి హోస్టా పేరైనా నమోదు చేసే బాధ్యత చాలా కాలం మిన్నెసోటా విశ్వవిద్యాలయపు ఆర్బొరేటం చేతిలో ఉండేది. హోస్టా వైరస్ ఎక్స్ అనే తెగులును 1996లో గుర్తించింది కూడా ఆ విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్త బెన్ లాక్‌హార్టే. అది కత్తికి అంటిన రసం ద్వారా పాకుతుంది, మందు లేదు. మొక్క మొక్కకూ కత్తి శుభ్రం చేయడం, సోకినదాన్ని వేళ్లతో సహా తీసి పారేయడం తప్ప గత్యంతరం లేదు.

జింకల బెడద వేరే చెప్పాలా! 1900 నాటికి వేటలో దాదాపు అంతరించిన జింకలు వేట చట్టాల పుణ్యాన మళ్లీ పెరిగి, ఇప్పుడు రాత్రికి రాత్రి తోట మేసి పోతాయి. జపాన్‌లో మనుషులు లేత హోస్టా మొలకల్ని కూరగా తింటారు, కనుక జింకల రుచిని తప్పుపట్టలేం.

నీడ లేకపోతే హోస్టా లేదు. ఈ నగరాల నీడ ఒకప్పుడు ఎల్మ్ చెట్లది. 1970ల్లో డచ్ ఎల్మ్ తెగులు వాటిని వీధులకు వీధులు ఊడ్చేసింది. వాటి చోట విరివిగా యాష్ చెట్లు నాటారు. ఆసియా నుంచి సరుకుతోపాటు వచ్చిన, యాష్ చెట్లను తొలిచే మరకతరంగు పురుగు 2009లో సెయింట్ పాల్‌లో బయటపడింది. ఇప్పుడు యాష్ చెట్లూ పోతున్నాయి. చెట్టు కొట్టేసిన ఏడాది దాని కింది హోస్టాలు ఎండకు కమిలి అంచులు గోధుమరంగుకు మారతాయి. రెండుసార్లూ తప్పు ఒకటే, వీధి పొడుగునా ఒకే జాతి చెట్టు నాటడం.

1955లో సెయింట్ పాల్, నాగసాకి సోదర నగరాలయ్యాయి. అమెరికా, జపాన్ మధ్య అలాంటి బంధం అదే మొదటిది. ఇక్కడి కోమో పార్కులోని జపాను తోటకు రూపకల్పన చేసింది నాగసాకి నుంచి వచ్చిన మసామి మత్సుదా. 1965 వలస చట్టం జాతుల కోటాలు తీసేసి మనలాంటివాళ్లకు దారి ఇచ్చింది. ఇళ్ల అమ్మకాల్లో జాతి వివక్షను దేశమంతటా నిషేధించిన చట్టం 1968లో వచ్చింది. అమెరికన్ హోస్టా సొసైటీ పుట్టింది కూడా ఆ ఏడే.

పాత దస్తావేజుల్లోని ఆ నిబంధనలకు ఇప్పుడు చట్టబలం లేదు, కాగితం మీద మాత్రం ఉన్నాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలోని మ్యాపింగ్ ప్రెజుడిస్ బృందం వాటిని ఇల్లిల్లూ వెతికి పటాల మీద పెట్టింది. 2019 చట్టం ప్రకారం ఇంటి యజమాని ఆ నిబంధనను త్రోసిపుచ్చుతూ కౌంటీ కార్యాలయంలో పత్రం నమోదు చేయించుకోవచ్చు. కొన్ని నగరాలు ఇందుకు న్యాయవాదుల సాయం ఉచితంగా ఇస్తున్నాయి. వేసవికి పిల్లల దగ్గరకు వచ్చే అమ్మలకూ నాన్నలకూ నా మనవి ఒకటే. మీ పిల్లలు కొన్నది హెనెపిన్, రామ్సీ కౌంటీల్లోని పాత ఇల్లయితే దాని దస్తావేజు తెప్పించి చదివించండి. ఆ వాక్యం ఉంటే వెంటనే వెళ్లి ఆ పత్రం నమోదు చేయించమనండి.